నాలుగు పంటిగాట్లు

నూనె తగిలిన చోటల్లా చెక్క రంగు మారుతోంది. ఇంతసేపూ ఎండుగడ్డిలా పాలిపోయి ఉన్న గిటార్ మెడ ఆమె బొటనవేలి వెంట ఒక్కో అంగుళమే తేనె రంగులోకి దిగుతోంది. పదీ పది అయింది, పదింటికే పరీక్ష అన్నారు, అంటే ఈపాటికి పిల్ల నుదుటి మీదా చెవుల వెనకా తీగలు అంటించేసి ఉంటారు, నిద్రపోయిందో లేదో, పాలసీసా మూత తను సరిగ్గా బిగించిందో లేదో, బిగించింది, రెండుసార్లు తలకిందులు చేసి చూసుకుంది కదా, మూడోసారి చూడబోతే అత్తయ్య సీసా లాక్కుని సంచిలో పడేసింది. పోయిన వారం పిల్లని ఒళ్ళో పెట్టుకుని తనే వెళ్ళింది, గంటన్నర జోకొట్టినా పిల్ల కళ్ళు మూయలేదు, పరీక్ష చేసే అమ్మాయి గడియారం చూసుకుని, "నిద్రపోతేనే యంత్రం చదువుతుందండీ, మీరే ఇలా వణికిపోతుంటే పిల్లకి నిద్రెలా పడుతుంది చెప్పండి," అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది, అదే ఇంకా గుచ్చుకుంది. అందుకే ఈసారి పిల్ల నాన్నా నాన్నమ్మా తీసుకెళ్ళారు. గుమ్మం దాటుతూ అత్తయ్య వెనక్కి తిరిగి, "నువ్వు ఇంట్లోనే ఉండు తల్లీ, నువ్వు రాకపోవడమే ఇవాళ నువ్వు చేసే సాయం," అంది. తలుపు మూసుకున్నాక ఆ మాటని మింగాలో ఉమ్మాలో తెలియక కాసేపు అక్కడే నిలబడి, తర్వాత పనిబల్ల దగ్గరికొచ్చి, నూనె సీసా మూత తీసింది.

చేతులకి పని ఉండాలి. చేతులు ఊరికే ఉంటే బుర్ర ఊరుకోదు. నూనె మీద పడ్డాక ఇరవై నిమిషాలు చెక్కని తాగనివ్వాలి, ఆ తర్వాత ఒక్క చుక్క మిగలకుండా తుడిచెయ్యాలి, తుడిచాక ఉత్త అరచేత్తో, చెక్క వేడెక్కేదాకా, అరచెయ్యి మండేదాకా రుద్దాలి. తుడవడం ఆలస్యమైతే నూనె బంకలా బిగుసుకుని, ఎన్నాళ్ళైనా వేలికి అంటుకుంటూనే ఉంటుంది. తనకి ఈ పని నేర్పిన నాన్న అయితే గోడగడియారం అద్దం మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకునేవాడు. ఆమె ఫోన్‌ని బల్ల చివర పెట్టుకుంది, టైము కోసం కొంత, కబురు కోసం ఎక్కువ. ఎడమచేత్తో మెడని తిప్పి, వెనక వంపులోకి గుడ్డ పోనిచ్చింది, అవిసె నూనె వాసన గదంతా పరుచుకుంది. ఆ వాసనకి ఎప్పుడూ తొమ్మిదో తరగతి గుర్తొస్తుంది, అక్కడితో ఆగిపోయిన తొమ్మిదో తరగతి.

అసలు ఈ పని పెట్టుకున్నది కూడా భయంతోనే. గిటార్ పిల్ల నాన్నది. ప్రెస్సు నుంచి వచ్చి, సిరా మరకలు కడుక్కుని, చాప మీద కూర్చుని రోజూ ఓ అరగంట వాయించుకుంటాడు, గొప్పగా ఏం కాదు, వచ్చినవి నాలుగు పాటలు, వాటిలో రెండు సగం దాకానే. పిల్లకి పళ్ళు రావడం మొదలైన దగ్గర్నుంచి, అతను వాయిస్తుంటే పాక్కుంటూ వెళ్ళి, బిరడాలు బిగించే ఆ తల భాగాన్ని రెండు చేతులా పట్టుకుని కొరికేది. "చూడవోయ్, నా గిటార్‌ని నీ కూతురు పలారం చేసేస్తోంది," అని అతను నవ్వేవాడు, అలా పిల్లకి చిట్టెలుక అన్న పేరు పడింది, అసలు పేరు టీకాల కార్డులో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు, ఎందుకంటే ఒకరోజు పిల్ల పెదవి మీద పసుపుపచ్చగా మెరుస్తున్న వార్నిష్ పెచ్చు కనిపించింది. అంతే, ఆ రాత్రికి నిద్ర లేదు. అది ఏ కాలం నాటి వార్నిష్షో, అందులో ఏ విషం కలిపారో, పొట్టలోకి ఇప్పటికి ఎంత పోయిందో. పొద్దున్నే మెడ మరలు విప్పుతుంటే అత్తయ్య, "భయాల బుట్ట! పిల్ల గోడ నాకితే గోడ కూల్చేస్తావా?" అంది. కూల్చేస్తాను అందామనుకుని, అనలేదు. మూడు రోజులు గీకి, గరుకు కాగితం పెట్టి, వార్నిష్ అంతా దుమ్ము చేసి పారబోసింది. కొట్లో దొరికే నూనెల్లో తొందరగా ఆరడానికి ఏవేవో మందులు కలుపుతారు, అవి వద్దని, ఏ మందూ లేని ఉత్త అవిసె నూనె తెచ్చుకుంది, ఆరడానికి వారాలు పడితే పట్టనీ, పిల్ల నోట్లో పెట్టుకున్నా ఏమీ కాదు. అంత జాగ్రత్తపడింది. జాగ్రత్తపడాల్సింది వార్నిష్ గురించేనా?

నూనెలో ముంచిన గుడ్డని ఉండ చుట్టి పడెయ్యకూడదు, దండెం మీద పరిచి ఆరెయ్యాలి, లేకపోతే నూనె తనలో తనే కాగి గుడ్డ అంటుకుంటుంది, దుకాణంలో నాన్న అన్నిటికంటే ముందు నేర్పింది అదే. వాయిద్యాలు బాగుచేసే దుకాణం, ముందు రోడ్డు, రోడ్డు మీద ఎప్పుడూ ఆగని బళ్ళ మోత. చిన్నప్పుడు ఆమెకి నాన్న చేసే పనుల్లో అన్నిటికంటే వింత ఒకటుండేది. శ్రుతి చూసుకోవడానికి రెండు కొమ్ముల ఉక్కు ఫోర్కు ఒకటి జేబులో ఉండేది, దాన్ని మోకాలి చిప్ప మీద టక్కున కొట్టి, అందరిలా చెవి దగ్గర పెట్టుకోకుండా, దాని కాడని పళ్ళ మధ్య కరిచిపట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఇనుము తింటున్నావా నాన్నా?" అంటే నోరు తెరవకుండానే నవ్వేవాడు. రోడ్డు మోతలో వినపడక అలా చేస్తున్నాడని అందరూ అనుకున్నారు, ఆయనా అలాగే అనుకోనిచ్చాడు. మోత లేని ఆదివారం కూడా అలాగే చేస్తున్నాడని పట్టుకున్నది ఆమె ఒక్కతే. తర్వాత తర్వాత ఫోర్కు వినపడినా తీగ వినపడలేదు, వచ్చినవాళ్ళు తీగలు అపస్వరం పలుకుతున్నాయని వాయిద్యాలు వెనక్కి తేవడం మొదలెట్టారు. ఓ సాయంత్రం నాన్న ఆమె పక్కన కూర్చుని, ఆమె వైపు చూడకుండా, "ఒక్క ఏడాది నాకు చెవులుగా ఉండవే, మళ్ళీ బడికెళ్దువుగాని," అన్నాడు. ఆ ఏడాది తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు నాన్నా లేడు, దుకాణమూ లేదు, ఈ బల్లా, నాలుగు ఉలులూ, సొరుగులో ఆ ఫోర్కూ మిగిలాయి.

పదీ ఇరవై. ఫోన్ కదల్లేదు. సొరుగు సంగతి గుర్తొస్తే మనసు అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే పిల్ల చెవుల మాట మొదట ఇంట్లో లేచినప్పుడు అత్తయ్య ఎవరినీ ఉద్దేశించనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ, "మా వైపు చెవుల జబ్బు ఏ తరంలోనూ ఎరగం," అంది. ఆ మాట నిజమే. నాన్న పోలికలు పిల్లకి రావాలని కడుపుతో ఉన్నప్పుడు ఎంత కోరుకుంది, ఆ గుంట గడ్డం, ఆ పొడుగాటి వేళ్ళు. కోరుకునేటప్పుడు ఏవి కావాలో విడివిడిగా చెప్పుకోవాలని తెలియలేదు. అనుమానం వచ్చింది కూడా తనకే, పిల్ల పుట్టిన ఆరో నెలలో, వంటింట్లో సత్తు మూత చేయి జారి గచ్చు మీద పడి గిరగిరా తిరిగి మోగింది, చేటలో పడుకున్న పిల్ల తన కాలి బొటనవేలు చూసుకుంటూనే ఉంది. మర్నాడు కావాలనే ఇంకోసారి పడేసింది. ఆ మర్నాడు ఇంకోసారి. "మూతలన్నీ సొట్టలు పోతున్నాయి, నీకేమైనా పూనిందా?" అంది అత్తయ్య. చెప్తే, "తలుపు దబ్బున వేస్తే తిరిగి చూస్తుందిగా! వినపడకుండానే చూస్తోందా?" అన్నారు తల్లీ కొడుకూ ఒకే గొంతుతో. అదీ నిజమే. మరి మూతకి చూడదేం? ఎత్తు పరుపు మీద పడుకోబెట్టినప్పుడు తలుపు వేసినా చూడదేం? ఆ ప్రశ్నలు నోట్లోనే ఉండిపోయాయి, చదువు సగంలో ఆగినవాళ్ళ ప్రశ్నలు ఎప్పుడూ అంతే, అడిగేలోపే తప్పేమో అనిపిస్తాయి.

గుడ్డ తల భాగం మీదికొచ్చింది. అక్కడ కూడా చెక్క నూనె తాగింది, తాగుతూ తాగుతూ అంచు దగ్గర నల్లగా ఏవో చుక్కలు తేల్చింది. వంగి చూసింది. మురికి అనుకుని గోటితో గీకింది, పోలేదు. గాట్లు. పైన రెండు, వెనక్కి తిప్పితే సరిగ్గా వాటి కిందే రెండు, పక్కపక్కనే, బియ్యపు గింజంత, మళ్ళీ పైన రెండు, కింద రెండు, ఒకదాని మీద ఒకటి, ఒకే చోట. గరుకు కాగితం పట్టాక చెక్కని తడిగుడ్డతో ఒకసారి తుడిచి చూడాలి, దాగిన సొట్టలన్నీ అప్పుడు బయటపడతాయి, తడి గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి చెక్క ఉబ్బి మళ్ళీ సమానమవుతుంది, అప్పుడు కదా నూనె. ఈ పనిలో ఓనమాలు అవి. పొద్దున్న పాలసీసా మూత మూడోసారి చూడాలనుకున్న మనిషి, ఈ ఒక్క తడిగుడ్డ మర్చిపోయింది. ఇప్పుడు నూనె లోపలికి దిగిపోయింది, ఇంక ఆవిరి ఎక్కదు, గాట్లు ఇలాగే ఉంటాయి, పైగా చుట్టూ చెక్క కంటే నల్లగా.

నాన్న ఉంటే తిట్టేవాడు కాదు, గాటు మీద వేలు పెట్టి, "ఇది ఎలా పడిందో చెప్పు చూద్దాం," అనేవాడు. ఏ వాయిద్యం వచ్చినా ముందు అదే ఆట, దెబ్బని చూసి దాని కథ చెప్పాలి, గోడకి తగిలిందా, కింద పడిందా, కోపంతో కొట్టారా. ఆమె వేలు గాటు మీదే ఉంది. పళ్ళు వస్తున్నాయి కాబట్టి కొరికింది. పళ్ళొస్తున్న పిల్లలు దేన్నైనా కొరుకుతారు. దేన్నైనా. తలెత్తి గది చూసింది. ఉయ్యాల కడ్డీ, నున్నగా ఉంది. కుర్చీ అంచు, నున్నగా ఉంది. చెక్క గిలక్కాయ కొని నాలుగు నెలలు, దాని మీద ఒక్క గాటు లేదు. గిటార్ రోజంతా పిల్లకి అందేంత ఎత్తులోనే గోడకి ఆనించి ఉంటుంది, పగలు ఒక్కసారైనా దాని దగ్గరికి వెళ్ళిందా? వెళ్ళలేదు. అతను వచ్చి, చాప పరిచి, మొదటి తీగ మీటాక వెళ్ళేది. మీటగానే కూడా కాదు, కాసేపటికి, అతని చెయ్యి ఊగడం కంటపడ్డాక. కరిచిపట్టుకుని కళ్ళు పెద్దవి చేసి కదలకుండా ఉండేది, చొంగ కారిపోతున్నా సరే, ఇవతలికి లాగితే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. అతను మంచినీళ్ళు తాగడానికి ఆపితే పిల్ల నోరు తీసేసేది. నోరు తీసి, ఆ చెక్క వైపు అనుమానంగా చూసి, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేది. "ఇంకా వాయించమంటోంది చూడు!" అని అతను మురిసిపోయేవాడు. "పాటంటే ఎంత పిచ్చో! ఇదా వినపడని పిల్ల?" అని అత్తయ్య ఆమె వైపు తిరిగి గెలిచినట్టు చూసేది. తను అప్పుడు ఏం చేసింది? తడిగుడ్డ తెచ్చి పిల్ల పెదవుల మీద వార్నిష్ పెచ్చులు వెతుక్కుంది. ముగ్గురూ చూశారు, ముగ్గురూ నాలుగు నెలలు చూశారు, ముగ్గురికీ ఎవరి మనసులో ఉన్నది వాళ్ళకి కనపడింది.

సొరుగు లాగింది. నూనె చేతికి ఫోర్కు జారింది, చీరకి తుడిచి పట్టుకుంది. నూనె అద్దడానికి పెట్టుకున్న దూదిలోంచి రెండు ముద్దలు తీసి చెవుల్లోకి కూరుకుంది, ఇంకొంచెం కూరుకుంది, వీధీ ఫ్యాను చప్పుడూ దూరంగా వెళ్ళిపోయాయి, తన ఊపిరి మాత్రం లోపల బుసకొడుతోంది. ఫోర్కుని మోకాలి మీద కొట్టి, చెవి పక్కన పట్టుకుంది. ఏమీ లేదు. ఉన్నా లేనట్టే. మళ్ళీ కొట్టి, మెడ కింది కొసకి దాని కాడ ఆనించి, చెయ్యి చాచినంత దూరం చాచి, వంగి, పిల్ల కరిచిన చోటే, ఆ నాలుగు గాట్ల మీదే, పళ్ళు ఆనించింది. అవిసె నూనె కమ్మగా, కాస్త చేదుగా నాలికకి తగిలింది. అప్పుడు వచ్చింది శబ్దం. బయటినుంచి కాదు. దవడలోంచి, చెంప ఎముకల్లోంచి, కళ్ళ వెనకనుంచి, గుండ్రంగా, తడబాటు లేకుండా, తల అంతా ఒక గదైనట్టూ ఆ గదిలో ఎవరో దీపం పట్టుకుని నిలబడ్డట్టూ. నాన్న కళ్ళు ఎందుకు మూసుకునేవాడో ఇన్నేళ్ళకి తెలిసింది. ఆ స్వరం సన్నబడి సన్నబడి పోతుంటే పళ్ళు తియ్యబుద్ధి కాలేదు, ఇంకా గట్టిగా కరిచింది, గోడు గోడున ఏడ్చే ఆ పిల్లని ఎన్నిసార్లు ఇవతలికి లాగింది తను, పెదవులు తుడవడానికి.

స్వరం పోయాక ఇంకోటి వచ్చింది. మొరటుగా, ఆగి ఆగి, జుర్రు జుర్రుమని, పళ్ళలోనే. ఫోర్కు కాదు. బల్ల అదురుతోంది. పిల్ల నిద్ర లేస్తుందని ఈ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ మోగనివ్వదు, వణుకులోనే పెట్టి ఉంచుతుంది, ఎవరి నిద్ర పాడవుతుందని! ఫోన్ బల్ల చివర మిణుకుమంటూ పక్కకి జరుగుతోంది. దూది పీకి పారేసింది.

"ఏవండీ?"

"నిద్రపోయింది. రెండు చెవులూ చూడటం అయిపోయింది కూడా." అతని గొంతు ఎవరిదోలా ఉంది. "శబ్దం బాగా గట్టిగా పెడితే తప్ప యంత్రంలో గీత కదలట్లేదంట. మనం మాట్లాడేంత శబ్దానికి ఏమీ లేదు. రెండు వైపులా అంతే. నువ్వు చెప్తూనే ఉన్నావ్. మేమే… అమ్మ అక్కడ కూర్చుని ఏడుస్తోంది."

"పిల్ల ఇంకా నిద్రలోనే ఉందా?"

"ఉంది. తీగలు తీసేస్తామంటున్నారు."

"తియ్యొద్దని చెప్పండి. ఆ పరీక్ష చేసే అమ్మాయికి ఫోనివ్వండి."

"ఇప్పుడా? ఏం చెప్తావ్ ఆవిడకి? మళ్ళీ ఏడుస్తావ్."

"ఏడవను. ఇవ్వండీ."

అటు ఏవో గుసగుసలు, కుర్చీ జరిగిన చప్పుడు. "చెప్పండమ్మా," అంది ఆ అమ్మాయి, అదే మామూలు గొంతుతో.

ఏం చెప్పాలో మొత్తం సిద్ధంగా ఉంది, నోరు తెరిస్తే మాత్రం ఒక్కటే వచ్చింది. "మా పాప గిటార్ కొరుకుతుందండీ."

ఆ అమ్మాయి నవ్వుతుందేమో. నవ్వితే నవ్వనీ. "వాళ్ళ నాన్న వాయిస్తున్నప్పుడే కొరుకుతుంది. ఆపేస్తే వదిలేస్తుంది, మళ్ళీ వాయించమని చెక్కని కొడుతుంది. ఇంకే చెక్కనీ కొరకదండీ, ఇప్పుడే అన్నీ చూశాను. చెవిలోంచి కాదేమో, ఎముకలోంచి వింటోందేమో. చెవుల్లో దూది పెట్టుకుని నేనూ కొరికి చూశాను, వినిపించింది."

"మీరు కొరికారా?"

"ఆఁ అండీ."

"ఈ సంగతి పోయిన వారం చెప్పలేదేం?"

"నాకే ఇప్పుడు తెలిసింది."

"ఎముక మీద పెట్టి చూసే పరికరం ఉందమ్మా. దానికి వచ్చే వారం రమ్మందామనుకున్నాను."

"నిద్రపోతూనే ఉంది కదమ్మా," అంది ఆమె. బతిమాలినట్టు రాలేదు ఆ మాట, పని చెప్పినట్టు వచ్చింది, తనకే ఆశ్చర్యమేసింది.

"మీరీ చదువేమైనా చదివారా?"

"తొమ్మిదిలో ఆపేశానండీ. మా నాన్నకి వినపడేది కాదు."

"సరే. పెట్టెయ్యకండి, లైన్లో ఉండండి."

ఫోన్‌ని గట్టిగా వినపడేలా పెట్టి బల్ల మీద పడుకోబెట్టింది. పదీ ముప్ఫై అయిదు. నూనె! ఇరవై నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి, మెడ వంపులో వేలు పెడితే అప్పుడే సాగుతోంది. పొడిగుడ్డ తీసి తుడవడం మొదలెట్టింది, తీగల కింది ఇత్తడి మెట్ల పక్కన, మడతల్లో, వెనక, ఇంకో గుడ్డ, ఇంకోటి. ఫోన్లోంచి ఆ గది నిశ్శబ్దం వినిపిస్తోంది, ఏదో మర ఒకటి సన్నగా గుర్రుమంటోంది, అత్తయ్య ముక్కు చీదుకుంటోంది, ఎవరో, "చెవి వెనక కాస్త పైకి," అన్నారు. తుడుస్తోంది. గీత కదలకపోతే? నాన్న చెవులు చివరికి ఫోర్కుని కూడా వినలేదు, ఆఖరి రెండేళ్ళు, కరిచిపట్టుకునేవాడు గాని కళ్ళు మూసుకునేవాడు కాదు. అదే వచ్చి ఉంటే? కదలకపోతే తను చెప్పిందంతా ఉత్త భయాల బుట్ట మాటే, ఇంకో మూత గచ్చు మీద పడ్డట్టే. గుడ్డ పడేసి అరచెయ్యి ఆనించింది. రుద్దింది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, ఒకే లెక్కన, భుజం లాగేస్తున్నా ఆపకుండా, చెక్క వేడెక్కుతోంది, అరచేతి గీతల్లో మంట పుడుతోంది, తల అంచు దగ్గర గాట్లలో నిలిచిపోయిన నూనెని మాత్రం గోటితో తవ్వలేదు, అరచేతిని వాటి మీదుగా పోనిచ్చింది, పోయిన ప్రతిసారీ నాలుగు చిన్న గరుకులు చేతికి తగిలాయి.

"ఏమే!" ఫోన్లో అత్తయ్య గొంతు బొంగురుగా పగిలింది. "వింటున్నావా? కదిలిందే! గీత కదిలిందే తల్లీ!"

ఆమె చెయ్యి ఆగలేదు.

పరీక్ష చేసే అమ్మాయి ఫోన్ తీసుకుంది. "చిన్న శబ్దానికే కదిలింది. లోపలి చెవి పనిచేస్తోందమ్మా. బయటినుంచి లోపలికి వెళ్ళే దారే మూసుకుపోయింది. అది తెరుచుకునేదో కాదో పెద్ద డాక్టరుగారు చూడాలి, ఇప్పుడు నేను మాటివ్వలేను. ఈలోగా తలకి పట్టీతో కట్టే యంత్రం ఒకటుంది, ఎముకకి ఆనుకుని ఉంటుంది. ఆలస్యమైంది, కాని…" ఏదో కాగితం తిప్పిన చప్పుడు. "గిటార్ కొరుకుతుంది అని రాసుకుంటున్నాను."

"రాసుకోండి," అంది ఆమె.

అప్పుడు పిల్ల లేచింది. తీగలు పీకుతుంటే లేచి ఉంటుంది, మొదట మూలుగు, తర్వాత ఏడుపు, ఎవరూ లేని చోట లేచినట్టు, ఎన్ని చేతులు ఎత్తుకున్నా ఎవరూ లేనట్టు. "ఓ ఓ ఓ, చిట్టెలుకా, లేదమ్మా, లేదు లేదు," అని ఆమె అలవాటు కొద్దీ ఫోన్ మీదికి వంగింది, వంగి, ఆగిపోయింది. పద్నాలుగు నెలలుగా చెప్పిన లాలిమాటలన్నీ ఎక్కడికి వెళ్ళాయి? గాల్లోకే వెళ్ళాయి. చెవుల దాకా వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి తిరిగొచ్చాయి. కాని ఎత్తుకుని భుజాన వేసుకున్నప్పుడు, గడ్డం పిల్ల నడినెత్తికి ఆనించి ఊఁకొట్టినప్పుడు? అప్పుడు ఊరుకునేది. ఒక్కోసారి ఊరుకునేది.

"ఏవండీ, ఫోన్ దాని దవడకి ఆనించండి."

"ఏంటి?"

"దవడకి. చెవికి కాదు. చెవి కింద, ఎముక మీద. గట్టిగా ఆనించండి."

ఫోన్ బరబరా రాసుకున్న చప్పుడు, ఏడుపు ఒక్కసారిగా దగ్గరికొచ్చి చెవులు గింగిర్లెత్తించింది. ఆమె నూనె చేతులతో ఫోన్ పట్టుకుని, పెదవులు దానికి తాకేంత దగ్గరగా పెట్టి, పొట్టలోంచి, నాన్న ఆదివారం పూట ఫోర్కు కరిచిపట్టుకుని తీసే కూనిరాగమంత కింది స్వరంలో, పిలిచింది.

ఏడుపు ఆగింది.

ఒక్క ఊపిరంత సేపు. తర్వాత పిల్ల మళ్ళీ అందుకుంది, ఇంకా గట్టిగా, ఈసారి ఎవరి మీదో కోపం వచ్చినట్టు. ఆమె మళ్ళీ పిలిచింది.